శాసనం ఫొటో అసలు సైజులో పంపండి

సంపాదకులకు నమస్కారం.

గుడి గోడల మీది శాసనాలను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, చదివిపెట్టమని అడగడం ఇప్పుడు మామూలైంది. సంతోషమే. కానీ వాటిలో చాలావాటిని పెద్దది చేసి చూస్తే అక్షరం అలుక్కుపోతోంది. తప్పు కెమెరాది కాదు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే దాదాపు 4000×3000 చుక్కలు. గ్యాలరీ నుంచి మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించేస్తుంది. అరిగిన రాతి మీద తలకట్టుకూ గుడికీ తేడా చూపే సన్నని గీత అక్కడే పోతుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఇంకా నష్టం.

అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. అయితే కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు వివరాలూ ఫైలుతోపాటే వెళ్తాయి. కాపలా లేని పాడుగుళ్లలో విగ్రహాల దొంగలకు అంతకంటే ఏం కావాలి? లొకేషన్ ఆపి తీయండి. ఊరి పేరు చదివేవారికి విడిగా చెప్పండి.

గ్రూపులో మర్యాద కూడా ముఖ్యం. 5 ఎంబీల ఫొటోలు పది పెడితే, 200 మంది డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడు మొత్తం 10 జీబీ. చిన్న ఫొటో ఒక్కటి గ్రూపులో పెట్టి, మిగతావి గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో ఉంచి లింకు ఇవ్వండి. షేరింగ్‌లో ‘ఎనీవన్ విత్ ద లింక్’, పక్కన ‘వ్యూయర్’ ఎంచుకోండి. లేకపోతే లింకు నొక్కిన ప్రతివారూ అనుమతి అడుగుతూ కూర్చోవాలి. ఫైళ్లకు వరుస నంబర్లు ఇవ్వండి, ఒక ఫొటోలోని చివరి పంక్తి తర్వాతి దానిలోనూ పడేలా తీయండి.

– ఒక పాఠకుడు