మిషన్ స్టార్ట్ కాకపోతే డైరెక్ట్ కొట్టొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో షాక్ కొట్టి ఒకరు చనిపోయారనో, కటింగ్ మిషన్లో పడి చెయ్యి పోయిందనో జిల్లా పేజీలో అప్పుడప్పుడూ నాలుగు లైన్ల వార్త వస్తుంటుంది, చదివి అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ నాలుగు లైన్లలో రాని సంగతి ఒకటుంది, అది చెప్దామనే ఈ లెటర్. నేను బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి ఫ్యాక్టరీల్లో ప్యానల్ బోర్డులు, మోటార్లు రిపేరు చేస్తుంటాను. నేను దగ్గర్నుంచి చూసిన ప్రమాదాలకి మొదలు ఎక్కడంటే, పొద్దున్నే మిషన్ స్టార్ట్ కాకపోవడం, లారీ లోడు సాయంత్రానికి పంపాలన్న తొందర, మెకానిక్ వచ్చేదాకా ఎవరాగుతారు అని ఎవరో ఒకరు "డైరెక్ట్ కొట్టెయ్" అనడం.

డైరెక్ట్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. గ్రీన్ బటన్ నొక్కితే కాంటాక్టర్ (మోటార్‌కి కరెంట్ కలిపే అయస్కాంతం స్విచ్) కాయిల్‌కి కరెంట్ వెళ్తుంది, కాంటాక్టర్ లాగుతుంది, అది లాగితేనే మోటార్‌కి మూడు ఫేజులూ అందుతాయి. ఆ కాయిల్‌కి పోయే సన్న వైరు దారిలోనే స్టాప్ బటన్, ఎమర్జెన్సీ, ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ ఆంప్స్ లాగితే కట్ చేసేది), ఫేజ్ ప్రివెంటర్ (ఫేజు పోయినా, తారుమారైనా ఆపేది), కొన్ని మిషన్లలో నీళ్ళ ప్రెషర్ స్విచ్, ట్రాలీ హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్ అన్నీ వరసగా ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి తెగినా కాయిల్‌కి కరెంట్ రాదు, మిషన్ లేవదు. డైరెక్ట్ కొట్టడమంటే ఈ దారి మొత్తాన్ని వదిలేసి ఒక వైరు ముక్కతో కాయిల్‌కి నేరుగా కరెంట్ ఇవ్వడం, అదీ కాదంటే స్క్రూడ్రైవర్‌తో కాంటాక్టర్‌ని లోపలికి నొక్కి సందులో ఒక చెక్క పుల్ల ఇరికించడం. సాయంత్రం తీసేద్దాంలే అని పెట్టిన పుల్లలు నెలల తరబడి అట్లే ఉండిపోయిన బోర్డులు నేను చూశాను.

దీంట్లో చావు ఎక్కడుందో చూడండి. మామూలుగా కరెంట్ పోతే కాంటాక్టర్ వదిలేస్తుంది, మళ్ళీ కరెంట్ వచ్చినా ఎవరో ఒకరు గ్రీన్ బటన్ నొక్కేదాకా మోటార్ కదలదు. పుల్ల ఇరికించిన బోర్డులో అట్ల కాదు. కరెంట్ పోయింది కదా అని హెల్పర్ బ్లేడు దగ్గరికి పోయి రాయి సర్దుతుంటాడు, ఇరుక్కున్న ముక్క లాగుతుంటాడు, అంతలో సబ్‌స్టేషన్లో లైను ఇచ్చారంటే బ్లేడు దానంతట అదే తిరుగుతుంది. రెడ్ బటన్ కొట్టినా ఆగదు, ఎమర్జెన్సీ గుద్దినా ఆగదు, మెయిన్ దాకా పరిగెత్తాల్సిందే. అప్పటికి అయ్యేది అయిపోతుంది.

మరి స్టార్ట్ కాకపోతే ఏం చెయ్యాలి అంటారు. చూడాల్సినవి నిజానికి కొన్నే, చాలాసార్లు చిన్నదే దొరుకుతుంది. అన్నిటికంటే ముందు కరెంట్. చాలామంది టెస్టర్ పెట్టి మూడూ వెలిగాయి, కరెంట్ బాగుంది అనేస్తారు. టెస్టర్ బాగా తక్కువ వోల్టేజీకి కూడా వెలుగుతుంది. ఇంకోటి, ఒక ఫేజు పూర్తిగా పోయినా పక్కన వేరే మోటార్లు తిరుగుతుంటే వాటి వైండింగ్ గుండా ఆ పోయిన ఫేజులోకి కూడా వోల్టేజి వచ్చి ప్యానల్ మీద లాంపు వెలుగుతూనే ఉంటుంది, అది చూసి మోసపోతారు. మల్టీమీటర్ పెట్టి రెడ్-యెల్లో, యెల్లో-బ్లూ, బ్లూ-రెడ్ మూడు జతలూ చూడాలి, 415 దగ్గర్లో ఉండాలి, మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఊరికే ఉన్నప్పుడు ఒకసారి, స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు ఒకసారి చూడాలి, ఎందుకంటే లూజు జాయింటు, కాలిన ఫ్యూజు గ్రిప్పు లోడు పడ్డప్పుడే బయటపడతాయి. కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటుంటే ముందు వోల్టేజీ మీదే అనుమానపడాలి, దాని కాయిల్ మీద రాసిన వోల్టేజీలో 85 శాతం ఉంటే లాగేలా చేస్తారు, అంతకంటే కిందికి పోతే గ్యారంటీ లేదు. పైగా వోల్టేజి 80 శాతానికి పడితే మోటార్ బలం 64 శాతానికి పడిపోతుంది, స్టార్ డెల్టా స్టార్టర్ (మోటార్‌ని ముందు స్టార్ కనెక్షన్లో మెల్లగా లేపి తర్వాత డెల్టాకి మార్చేది) అయితే స్టార్‌లో ఉన్నంతసేపూ అసలే మూడో వంతు బలం, దానిమీద ఇది. మోటార్ గుయ్‌మంటుందిగానీ లేవదు. గుయ్‌మంటుంటే వెంటనే ఆపెయ్యాలి, ఇంకోసారి చూద్దాం ఇంకోసారి చూద్దాం అంటే వైండింగ్ కాలుతుంది.

అసలు చప్పుడే లేదు, కాంటాక్టర్ కూడా లాగట్లేదు అంటే పుష్ బటన్ బాక్సు విప్పి చూడాలి, మెయిన్ ఆఫ్ చేసే విప్పాలి. మా నాపరాయి ఫ్యాక్టరీల్లో నాకు ఎక్కువగా దొరికేది ఇక్కడే. బ్లేడు మీద పడే నీళ్ళలో రాతి పొడి కలిసి తెల్లగా బురద చిమ్ముతుంది, ఆపరేటర్ ఆ తడి చేత్తోనే బటన్ నొక్కుతాడు, అది బటన్ అంచునుంచి లోపలికి దిగి ఎండి గట్టిపడుతుంది. మూత విప్పితే స్టాప్ బటన్ వెనకాల స్ప్రింగు చుట్టూ తెల్లగా సున్నం పట్టి ఉంటుంది. స్టాప్ బటన్ కాంటాక్టు మామూలుగా కలిసే ఉండాలి, నొక్కినప్పుడే విడిపోవాలి, ఈ సున్నం వల్ల నొక్కిన బటన్ పూర్తిగా వెనక్కి రాదు, పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, లోపల వెంట్రుకవాసి గ్యాపు. అదంతే, మొత్తం ఫ్యాక్టరీ ఆగిపోయేది దానికే. దాన్ని తడిపి కడగకూడదు, ఆ కాంటాక్టు బ్లాకు తీసి కొత్తది వెయ్యాలి, వంద రెండొందల సామాను. ఎమర్జెన్సీ బటన్ నొక్కి మర్చిపోవడం కూడా మామూలే, దాన్ని తిప్పితేగానీ బయటికి రాదు, నైట్ షిఫ్టు వాళ్ళు కొట్టేసి ఇంటికి పోయి ఉంటారు.

కోతలో ఉండగా కరెంట్ పోతే ఇంకో సమస్య. బ్లేడు రాతిలోనే ఉండిపోతుంది, కరెంట్ వచ్చాక అట్లాగే బటన్ నొక్కితే ఇరుక్కుని ఓవర్‌లోడ్ రిలే కొట్టేస్తుంది, అంటే ట్రిప్ అయిపోతుంది. ముందు బ్లేడు పైకెత్తాలి లేదా రాయి వెనక్కి లాగాలి, తర్వాత చేత్తో తిప్పి చూడాలి. చేత్తో తిరగకపోతే ఇరుక్కున్నదో, బురద దిగి బేరింగు పట్టేసిందో తేలుతుంది. చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు గ్రిప్పులు మూడూ పీకి జేబులో వేసుకోవాలి. మెయిన్ దగ్గర మనిషిని నిలబెట్టడం సరిపోదు, వాడు టీకి పోతాడు, ఇంకొకడు వచ్చి ఆన్ చేస్తాడు. గ్రిప్పులు జేబులో ఉంటే ఎవరూ ఆన్ చెయ్యలేరు.

ఓవర్‌లోడ్ రిలే పదేపదే కొడుతుంటే సెట్టింగ్ పెంచేస్తారు, అది ఇంకో రకం డైరెక్టే. స్టార్ డెల్టా బోర్డుల్లో చాలావాటిల్లో రిలే వైండింగ్ దారిలో ఉంటుంది, అక్కడ మోటార్ ప్లేటు మీద రాసిన ఆంప్స్‌లో 58 శాతమే పోతుంది. 20 హెచ్‌పీ మోటార్ ప్లేటు మీద 28 ఆంప్స్ ఉందనుకోండి, రిలే 16 దగ్గర పెట్టాలి. తెలియక 28కే తిప్పి పెడితే రిలే ఉన్నా లేనట్టే, ఒక ఫేజు పోయినప్పుడు కూడా కొట్టకపోవచ్చు, తర్వాత రీవైండింగ్ ఖర్చు ఓనర్‌కి తెలుస్తుంది. కొట్టిన రిలేని చల్లారనిచ్చి, ఎందుకు కొట్టిందో చూశాకే రీసెట్ చెయ్యాలి.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చినా, లైను పని జరిగినా మర్నాడు పొద్దున ఫేజ్ ప్రివెంటర్ ఎర్రగా వెలిగి మిషన్ లేవకపోవచ్చు. చాలావరకు ఫేజులు తారుమారయ్యాయని అర్థం. అప్పుడు చెయ్యాల్సింది ఇన్‌కమింగ్‌లో రెండు ఫేజులు మార్చడం, అది మెకానిక్ పని. ప్రివెంటర్‌ని తప్పించి వదిలితే మోటార్ రివర్సులో తిరుగుతుంది, బ్లేడు మామూలు దిక్కులో తిరిగేటప్పుడు బిగిసేలా దాని నట్టు ఉంటుంది కాబట్టి రివర్సులో వదులైపోవచ్చు. అంత పెద్ద బ్లేడు వదులైతే ఎవరు ఎక్కడ నిలబడ్డా ప్రమాదమే. నీళ్ళ ప్రెషర్ స్విచ్ కూడా అంతే, నీళ్ళు రాకుండా కోస్తే బ్లేడు అంచున అతికించిన డైమండ్ సెగ్మెంట్లు వేడికి ఊడి బుల్లెట్ లాగా వస్తాయి, పొడంతా గాల్లోకి లేచి ఆపరేటర్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిల్టర్ కడిగితే పోయేదానికి స్విచ్ కట్ చేసి రెండు వైర్లు మెలిపెట్టేస్తారు.

వానాకాలం కొన్నాళ్ళు మూసి తెరిచిన ఫ్యాక్టరీల్లో మోటార్ చెమ్మ పడుతుంది. మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ చూసే మీటర్) పెట్టి చూడకుండా కరెంట్ ఇవ్వొద్దు, ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే మూతలు తీసి లోపల బల్బు వెలిగించి ఆరబెట్టాలి. కొత్త మిషన్లలో డ్రైవ్ (మోటార్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ బాక్సు) ఉంటుంది, అది స్క్రీన్ మీద కోడ్ చూపిస్తుంది, ఆ కోడ్ ఫోటో తీసి మెకానిక్‌కి పంపండి, మీరే విప్పకండి, మెయిన్ ఆఫ్ చేశాక కూడా లోపల కెపాసిటర్లలో 500 వోల్టులకి పైన కాసేపు నిలిచి ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో, తాండూరు బండల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి కూడా ఇవన్నీ వర్తిస్తాయి, రాయి మారుతుంది, ప్యానల్ లోపల ఉండేది అదే.

మీ రిపోర్టర్లకి ఒక మనవి. ఈసారి ఇట్లాంటి ప్రమాదం జరిగితే దయచేసి అడగండి, ఆ రోజు మిషన్ ఎందుకు స్టార్ట్ కాలేదు, స్టాప్ బటన్ పనిచేసిందా, ప్యానల్లో డైరెక్ట్ వైరు ఏమన్నా ఉందా అని. వార్తలో ఆ ఒక్క లైను వస్తే మిగతా ఫ్యాక్టరీల వాళ్ళు తమ బోర్డు తెరిచి చూసుకుంటారు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పిల్లలని ఒక్కరోజైనా రాతి ఫ్యాక్టరీకి తీసుకొచ్చి బురద పట్టిన ప్యానల్ చూపిస్తే బాగుంటుంది, ల్యాబులో శుభ్రమైన బోర్డు మీద నేర్చుకున్నోళ్ళు ఇక్కడికొచ్చి తికమక పడుతున్నారు. కరెంట్ ఆఫీసు వాళ్ళు లైను పని అయ్యాక ఫేజు వరస చూసి, ఆ ఫీడరు మీదున్న ఫ్యాక్టరీలకి ఒక ఫోన్ చేస్తే చాలు.

మా మెకానిక్ తమ్ముళ్ళకి కూడా ఒక మాట. ఓనర్ అరుస్తున్నాడని డైరెక్ట్ ఇచ్చి రావద్దు, మీరు ఇచ్చి ఇంటికొచ్చేస్తారు, ఆ బ్లేడు దగ్గర రోజంతా నిలబడేది ఇంకొకడు. ఇక ఓనర్లు, ఒక మల్టీమీటర్, రెండు మూడు కాంటాక్టు బ్లాకులు, ఒక స్పేర్ కాయిల్ ఫ్యాక్టరీలో పెట్టుకోండి, ప్యానల్ తలుపు లోపల వైరింగ్ బొమ్మ తెలుగులో రాయించి అతికించండి. ఈ వారంలో ఒక పూట మెయిన్ ఆఫ్ చేయించి, మెకానిక్‌తో ప్రతి ప్యానల్ తెరిపించి, ఎక్కడెక్కడ పుల్లలు, జంపర్ వైర్లు ఉన్నాయో తీయించండి, తీసిన తర్వాత ప్రతి మిషన్‌నీ ఒకసారి స్టార్ట్ చేసి ఎమర్జెన్సీ కొట్టి ఆగుతుందో లేదో మీరే నిలబడి చూడండి.

ఇట్లు,
ఒక మోటార్ మెకానిక్,
బేతంచెర్ల, నంద్యాల జిల్లా