విశాఖ సాగరతీర యాత్ర: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

విజయనగరంలో మన కాలనీ సంక్షేమ సంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో పారిశుద్ధ్యం, వీధిదీపాలు, ఉగాది వేడుకల సంగతి సమావేశాల్లో ఎప్పటికప్పుడు చెప్పుకున్నదే. జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఏ సభ్యులైనా చూడవచ్చు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు విశాఖ సాగరతీర యాత్రకు ఇస్తున్నాం. పసిపిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా అందరూ కలిసి వెళ్లేది ఇదొక్కటే. ఏమరుపాటు ప్రాణం మీదికి తెచ్చేది కూడా ఇదే.

ముందు దారి సంగతి. చాలామంది నేరుగా ఆర్కే బీచ్‌కు వెళ్లి, అక్కణ్ణించి భీమిలి వైపు వస్తారు. మన ఊరివాళ్లకు దీనికి తలకిందులుగా వెళ్లడమే మేలు. తెల్లవారకముందే కోట దగ్గర బయల్దేరి నాతవలస, తగరపువలస మీదుగా వెళ్తే సూర్యోదయానికి భీమిలిలో ఉంటాం. అక్కణ్ణించి తీరం వెంట దక్షిణానికి దిగుతుంటే సముద్రం ఎప్పుడూ ఎడమచేతి వైపే. బస్సు ఆగేదీ ఎడమ పక్కనే కాబట్టి పిల్లలు రోడ్డు దాటే పనే ఉండదు. బీచ్ రోడ్డులో బళ్లు ఎంత జోరుగా పోతాయో చూసినవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు. పైగా నీడలేని తీరాలు ఎండ ముదరకముందే అయిపోతాయి, దీపాలూ దుకాణాలూ ఉన్న ఆర్కే బీచ్ సాయంత్రానికి మిగులుతుంది. తిరుగు ప్రయాణం హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం మీదుగా.

భీమిలిలో ఊరి ముందున్న ఇసుక మీద ఆడుకోవచ్చు. గోస్తనీ నది కలిసే చోటికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. ఏటి నీరు, ఆటుపోట్లు అక్కడ ఒకదానికొకటి ఎదురుపడతాయి, ఇసుక మేటలు జరిగిపోతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు. చేపలు కొందామనుకునేవాళ్లకు ఒక మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం, ఆ రెండు నెలలూ సరుకు పలచగా ఉంటుంది.

ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. గట్లు గట్టిగా కనబడతాయి గానీ అది వదులు ఇసుకే, అంచున నిలబడితే విరిగిపడుతుంది. వాననీరు కోసిన పాయల వెంట అడుగునే నడవాలి, గట్లు ఎక్కకూడదు, గుప్పెడు మట్టి కూడా ఇంటికి తేకూడదు. వేల ఏళ్లు పట్టి పేరుకున్నది ఒకసారి చెదిరితే మళ్లీ మన తరంలో రాదు.

మంగమారిపేట రాతితోరణం దగ్గరకు సముద్రం ఆటు మీద, అంటే నీరు వెనక్కి తగ్గి ఉన్నప్పుడే వెళ్లాలి. ఆటుపోట్ల వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. కాబట్టి కిందటి వారం చూసిన వేళను నమ్ముకోకుండా ఆ తేదీ పట్టికే చూడాలి. రాళ్ల మీద నాచు జారుతుంది, అంటుకున్న గుల్లలు పాదాలు కోస్తాయి. చెప్పులు విప్పొద్దు.

నీళ్లలో దిగడానికి మేం ఒప్పుకునేది రుషికొండ ఒక్కటే. శుభ్రత, భద్రత చూసి తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన తీరం ఇది. బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, రక్షణ సిబ్బంది ఉంటారు. అక్కడైనా సిబ్బంది చూపిన హద్దుల్లోనే, మోకాలి లోతు వరకే. చీర, పంచె తడిస్తే కాళ్లకు చుట్టుకుని అడుగు వేయనివ్వవు, కాబట్టి స్నానానికి పొట్టి బట్టలు వేరే తెచ్చుకోండి.

మోకాలి లోతు నియమం ఎందుకో పెద్దవాళ్లు పిల్లలకు విడమరిచి చెప్పాలి. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి పోవడానికి లోతైన సందు వెతుక్కుంటుంది. ఆ సందులో కెరటం విరగదు, నురగ ఉండదు, చూడటానికి అక్కడే నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తుంటే ఒడ్డుకు ఎదురీదితే ఈత వచ్చినవాళ్లు కూడా అలిసిపోయి మునుగుతారు. తేలుతూ, చెయ్యి పైకెత్తి కేక వెయ్యాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు వెళ్లి, లాగుడు తగ్గాక తిరగాలి. ఒడ్డునున్నవాళ్లు వెనకే దూకకూడదు. తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరాలి, రక్షణ సిబ్బందిని పిలవాలి, 112కు ఫోన్ చెయ్యాలి.

ఆర్కే బీచ్‌లో నీళ్లలో దిగడం లేదు. దక్షిణాన హార్బరు గోడలు ఉత్తరానికి సాగే ఇసుకను అడ్డుకోవడంతో ఇక్కడ తీరం కోతకు గురవుతూ వస్తోంది. చాలాచోట్ల ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, వెనక్కి తగ్గే కెరటం కాళ్ల కింది ఇసుకను ఊడ్చుకుపోతుంది. పాదం తడుపుకుని ఇసుకలో కూర్చుంటే చాలు. మధ్యాహ్నం తర్వాత కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఎదురుగా టీయూ-142 విమాన మ్యూజియం చూడవచ్చు. సోమవారం సెలవు కాబట్టి యాత్ర ఆ రోజు పెట్టం. జలాంతర్గామి లోపల దారి ఇరుకు, గుమ్మాల దగ్గర వంగి కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కాళీమాత గుడి దగ్గర కూర్చోవచ్చు. మురీ మిక్చరు అయినా, పిడత కింద పప్పు అయినా ఎదురుగా కలిపించుకుని వెంటనే తినాలి.

యాత్రకు మంచి కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు. దసరా తర్వాత మన పైడితల్లి సిరిమానోత్సవం కాగానే వెళ్దామని ఏటా కొందరు అడుగుతారు, కానీ అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12నే. సముద్ర స్నానం కావాలనే పెద్దవాళ్లకు కార్తీకం కన్నా మాఘ పౌర్ణమి నయం. ఎప్పుడు వెళ్లినా ముందురోజు రాత్రి వాతావరణ శాఖ, ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరిక చూస్తాం. హెచ్చరిక ఉంటే, బస్సు అడ్వాన్సు పోయినా సరే, యాత్ర ఆగుతుంది.

సామాను: మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు (పొట్లం లీటరు నీటికి), పొడవాటి తాడు, విజిళ్లు, చెత్తకు గోనెసంచులు. పదేళ్ల లోపు పిల్లలు ఇద్దరికి ఒక పెద్ద మనిషి. బస్సు ఎక్కే ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి. జెల్లీ చేప కుడితే సముద్రపు నీటితోనే కడగాలి, మంచినీళ్లు పోసినా ఇసుకతో రుద్దినా మంట పెరుగుతుంది. ఆయాసం వస్తే 108.

యారాడ కావాలని యువకులు గట్టిగా అడుగుతున్నారు. అందమైన తీరమే, కాదనం. అయితే విశాఖ నగరమంతా దాటి, సింధియా మీదుగా కొండ ఎక్కి దిగాలి. ఈ యాత్రతో కలిపితే చీకటి పడ్డాకే చేరతాం. కెరటాల లాగుడు కూడా అక్కడ ఎక్కువ. విడిగా, పెద్దలకు మాత్రమే, ఒక పూట యాత్రగా పెట్టాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చించి నిర్ణయించాలి. రావాలనుకునేవాళ్లు తమకు ఈత వచ్చో రాదో రాసి, పేర్లు కార్యదర్శికి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యవర్గం