వెల్డింగ్‌కు రెండో కేబుల్ తప్పనిసరి చేయాలి

సంపాదకులకు,

కాలనీలో సెల్ టవర్ వస్తుందంటే జనం కలెక్టరేట్ దాకా వెళ్తారు. ఆ ఆందోళన ఫలితంగానే 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో టవర్ల వికిరణ పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గింది. అదే కాలనీలో బాల్కనీ గ్రిల్ అతికే వెల్డరు నూరు ఆంపియర్లు పారే కేబుల్‌ను మెడ మీదుగా వేసుకుని పొద్దంతా పనిచేస్తాడు. దాని గురించి అడిగేవాళ్లే లేరు. అడగాల్సింది ముందు దాని గురించి.

మన వీధుల్లో పని జరిగే తీరు చూడండి. మిషను కింద ట్రాలీ ఆటోలో ఉంటుంది. రాడ్డు పట్టే హోల్డర్ కేబుల్ ఒక్కటే మూడో అంతస్తుకు ఎక్కుతుంది. తిరిగి వచ్చే కరెంటుకు, అంటే వెల్డర్లు ఎర్త్ కేబుల్ అనే దానికి, రెండు మీటర్ల ముక్క వేసి కింద పిల్లర్‌లో బయటికొచ్చిన ఊచకో మెట్ల రెయిలింగుకో తగిలిస్తారు. క్లాంపు కూడా ఉండదు, ఓ ఇనుప ముక్క బరువు పెడతారు. ఆర్క్, అంటే రాడ్డుకూ ఇనుముకూ మధ్య మెరిసే నిప్పు, పడుతుంది, పని నడుస్తుంది. రెండో కేబుల్ ఖర్చు మిగిలింది అనుకుంటారు.

కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. 10 నంబర్ రాడ్డుకు, అంటే 3.15 మి.మీ. రాడ్డుకు, 90 నుంచి 130 ఆంపియర్లు పెడతారు. 110 అనుకుందాం. ఒంటరి కేబుల్ మధ్య నుంచి 2 సెం.మీ. దూరంలో క్షేత్రం 1,100 మైక్రోటెస్లాలు (క్షేత్ర బలానికి కొలమానం ఇది). 30 సెం.మీ. దూరంలో 73. మిగిలిన కేబుల్ కింద వేలాడకుండా భుజానికి మూడు చుట్లు చుట్టుకుంటే ఆ చుట్ల నడుమ 2,000 దాకా వస్తుంది. ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ కమిషన్ 2010లో 50 హెర్ట్జ్‌ల దగ్గర, అంటే మన ఇళ్లకొచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ దగ్గర, కార్మికులకు పెట్టిన సూచిక స్థాయి 1,000 మైక్రోటెస్లాలు, మామూలు జనానికి 200. సూచిక దాటిన మరుక్షణం జబ్బు చేస్తుందని దానర్థం కాదు. అక్కడి నుంచి జాగ్రత్తగా లెక్కగట్టి చూడాలని అర్థం. ఈ పరిమితులు పెట్టింది కళ్లలో మెరుపుల్లాంటివి కనిపించడం, నరాలు, కండరాలు వాటంతటవే స్పందించడం వంటి తక్షణ ప్రభావాలను ఆపడానికి. మూడో అంతస్తు అంచున నిలబడ్డవాడికి క్షణం సేపు చూపు చెదిరినా చాలా ఎక్కువే.

దీనికి మందు చాలా చౌక. వెళ్లే కేబుల్, తిరిగొచ్చే కేబుల్ పక్కపక్కనే ఉంటే రెండింటి కరెంట్లూ ఎదురెదురు దిశల్లో పారి, ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చాలావరకు కొట్టేస్తుంది. మధ్య 2 సెం.మీ. ఎడంతో రెండూ కలిసి నడిస్తే, 30 సెం.మీ. దూరంలో ఇందాకటి 73 కాస్తా 5కు పడిపోతుంది. కాబట్టి రెండు కేబుళ్లనూ సమాన పొడవుతో తీసుకుని, అర మీటరుకోసారి టేపుతో కట్టి, పని జరిగే చోటి దాకా తీసుకెళ్లాలి. చివరి మీటరున్నర మాత్రం విడిపోవాలి. క్లాంపును అతికే జాయింటుకు జానెడు, రెండు జానల దూరంలో, రంగు, తుప్పు గీకేసిన చోట బిగించాలి. రెండు కేబుళ్ల మధ్య మనిషి నిలబడకూడదు. హోల్డర్ కుడిచేతిలో ఉంటే రెండు కేబుళ్లూ కుడివైపు నుంచే రావాలి. మిగిలిన పొడవును మనిషికి దూరంగా పెట్టాలి. 200 ఆంపియర్ల లోపు పనికి 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ సరిపోతుంది, దూరం ఎక్కువైతే 50 తీసుకోవాలి. సన్న కేబుల్ వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోతుంది, వెల్డరు నాబ్ ఇంకా తిప్పి కరెంటు పెంచుతాడు.

ఇన్వర్టర్ మిషన్లు వచ్చాక కొత్త అలవాటొకటి పుట్టింది. నాలుగైదు కిలోల బరువే కనుక పట్టీతో భుజానికి తగిలించుకునే అతుకుతున్నారు. వాటి నుంచి వచ్చేది డీసీ, అంటే దిశ మారని కరెంటు కాబట్టి అలాంటి స్థిర క్షేత్రానికి పరిమితులు చాలా పైన ఉంటాయి, నిజమే. కానీ లోపల వేల హెర్ట్జ్‌ల వేగంతో స్విచింగ్ జరుగుతుంటుంది. మిషనును మోస్తూ వెల్డింగ్ చేయొద్దు, దాని మీద కూర్చోవద్దు, ఆనుకోవద్దు అని తయారీదారుల పుస్తకాల్లోనే ఉంటుంది.

అయస్కాంత క్షేత్రం సంగతి పక్కన పెట్టినా ఈ రెండో కేబుల్ ప్రాణాలు కాపాడుతుంది. తిరిగొచ్చే దారి సరిగా లేకపోతే కరెంటు ఆగదు, మరో దారి వెతుక్కుంటుంది. అదే ఇనుము మీద, ఇనుము కోసే కటాఫ్ మిషను ఆనించి ఉందనుకోండి. కరెంటు దాని బాడీలోకి దూరి, ప్లగ్గులోని ఆకుపచ్చ ఎర్త్ వైరు మీదుగా బోర్డు ఎర్తింగుకు, అక్కడి నుంచి భవనం ఊచలకు, కింద తగిలించిన ముక్కకు చేరుతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరులో నూరు ఆంపియర్లు! అది లోలోపల కాలిపోతుంది, పైకి ఏమీ తెలియదు. మర్నాడు ఆ కటాఫ్ మిషనుకు ఎర్తింగే లేదు, దాన్ని పట్టుకున్న కుర్రాడికి ఆ సంగతీ తెలియదు. ఆటోనగర్లలో లారీ ఛాసిస్ అతికేటప్పుడు క్లాంపు చక్రం వైపు తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోయి గుండ్ల మీద గుంటలు పడతాయి. బ్యాటరీ తీగలు విప్పకపోతే ఎలక్ట్రానిక్ యూనిట్లు పోతాయి.

చాలామంది చదువుకున్నవాళ్లు కూడా పొరబడే మాట ఒకటి చెప్పాలి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్, ఉంది కదా, వెల్డర్‌కు షాక్ కొడితే ట్రిప్ అవుతుంది అనుకుంటారు. కాదు. అది మిషనుకు వచ్చే 230 లేదా 415 వోల్టుల వైపు లోపాన్నే పసిగడుతుంది. హోల్డర్ వైపు సర్క్యూట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో విడిపోయి ఉంటుంది. అక్కడ ఆర్క్ లేనప్పుడు 50 నుంచి 80 వోల్టులు ఉంటాయి. ఏప్రిల్, మే ఎండల్లో చెమటతో తడిసిన చొక్కా, పగిలిన హోల్డర్, ఇనుము మీద మోకాలు... ఆ వోల్టులు గుండెను ఆపడానికి చాలు. అందుకే రాడ్డు మార్చేటప్పుడు కూడా పొడి తోలు గ్లౌజులు ఉండాలి. ట్యాంకుల్లో, ఇరుకు చోట్ల ఆర్క్ లేనప్పుడు వోల్టేజీ తగ్గించే పరికరం, అంటే వీఆర్‌డీ ఉన్న మిషనే వాడాలి. మిషను బాడీకి వేరే ఎర్తింగ్ ఉండాలి. వెల్డింగ్ ఎర్త్ కేబుల్ దానికి బదులు కాదు.

గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారి విషయం మరింత సున్నితం. వారికి స్థిర క్షేత్రమైనా 500 మైక్రోటెస్లాలు దాటకూడదు. 110 ఆంపియర్ల కేబుల్ నుంచి నాలుగైదు సెంటీమీటర్లలోనే ఆ స్థాయి వచ్చేస్తుంది. డాక్టరు అనుమతి లేకుండా వారు హోల్డర్ పట్టకూడదు. అనుమతి ఉన్నా ఛాతీకి, ఆర్క్‌కు మధ్య 60 సెం.మీ., మిషనుకు మీటరున్నర దూరం పాటించాలి. హై ఫ్రీక్వెన్సీతో ఆర్క్ పుట్టించే టిగ్ అనే రకం వెల్డింగ్ జోలికి వెళ్లకూడదు. బీరువాల తయారీలో వాడే స్పాట్ వెల్డింగ్ మిషన్లలో పారేది వేల ఆంపియర్లు. అక్కడ తల, ఛాతీ మిషను చేతుల దగ్గరికి వంగకుండా పెడల్‌ను ఒక అడుగు వెనక్కి జరపాలి. దూరం పెరిగేకొద్దీ క్షేత్రం వేగంగా పడిపోతుంది.

భయాలకు కూడా ఓ క్రమం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాలను 'బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బీ వర్గంలో ఉంచింది. 2017లో వెల్డింగ్ పొగను, ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను మాత్రం నిర్ధారిత క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కాబట్టి 10 లేదా 11 షేడ్ అద్దమున్న హెల్మెట్, పొగను ముఖం ముందు నుంచే లాగేసే గొట్టం, గాలివాటం చూసుకుని నిలబడటం ముందు రావాలి. కేబుల్ సర్దుబాటు వాటికి పోటీ కాదు, వాటితోపాటే జరగాలి. నల్ల కళ్లజోడు పెట్టుకుని అతికే కుర్రాళ్లను చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

నిబంధనలు లేక కాదు. వెల్డింగ్ భద్రతకు ఐఎస్ 818, కంటి, ముఖ రక్షణకు ఐఎస్ 1179, కేబుళ్లకు ఐఎస్ 9857 అనే భారతీయ ప్రమాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ కళ్ల రక్షణ గురించే ఉండేది. కానీ దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ప్రకారం విద్యుత్ వాడే చోట 20 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. ఇద్దరు ముగ్గురు పనిచేసే వెల్డింగ్ షాపు ఆ లెక్కలోకే రాదు. యూరప్‌లో 2013 నాటి ఆదేశం ప్రకారం కార్మికులపై పడే విద్యుదయస్కాంత క్షేత్రాలను యజమాని అంచనా వేసి తీరాలి. వెల్డింగ్ పరికరాలకు ఆ లెక్క ఎలా కట్టాలో ఐఈసీ 62822 అనే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం చెబుతుంది.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు మున్సిపల్, ఆర్ అండ్ బీ, గృహనిర్మాణ టెండర్లలో ఒక్క షరతు చేర్చవచ్చు: పని చోటి దాకా సమాన పొడవున జంట కేబుళ్లు, స్క్రూతో బిగించే క్లాంపు లేనిదే వెల్డింగ్ మొదలుపెట్టకూడదు, ఊచలను తిరుగు దారిగా వాడితే బిల్లు ఆపాలి. ఐటీఐలకు, ఆర్టీసీ వర్క్‌షాపులకు మిషన్లు కొనేటప్పుడు ఐఈసీ 62822 ప్రకారం క్షేత్రాల వివరాల పత్రం అడగాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు దగ్గర సెస్సు నిధి ఉంది. నమోదైన ప్రతి వెల్డర్‌కూ అందులోంచి 20 మీటర్ల రెండో కేబుల్, క్లాంపు, హెల్మెట్ ఇవ్వవచ్చు. ఐటీఐ వెల్డర్ ట్రేడు ప్రాక్టికల్ పరీక్షలో అతుకు అందానికి వేసే మార్కుల పక్కనే, ఆర్క్ కొట్టకముందు అభ్యర్థి కేబుళ్లు ఎలా పరిచాడు, క్లాంపు ఎక్కడ బిగించాడు అన్నదానికీ మార్కులు వేయాలి.

ఇట్లు,
వెల్డింగ్ శిక్షకులు,
విజయవాడ