ఫోన్ ఇచ్చాక చేయాల్సిన పని

ఒరేయ్ రమేషూ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. పిల్లలకి ఫోన్, ట్యాబ్ ఇచ్చాక వాళ్లకేమవుతుందోనని అంతసేపు మాట్లాడి చివర్లో "ఏదైనా మంచి యాప్ ఉంటే చెప్పరా, వేసేసి నిశ్చింతగా ఉంటా" అన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. అలాంటి యాప్ లేదురా. సెట్టింగ్స్‌లో చేసే పని ఆదివారం ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత నోటితో చేయాల్సిన పని ఒకటి ఉంది. నీ కోపం సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, నీకు అదే కష్టం.

ముందు మీ పెద్దాడి ఇన్‌స్టాగ్రామ్ తెరిచి పుట్టిన సంవత్సరం ఎంత ఉందో చూడు. 13 నిండకుండా అకౌంట్ ఇవ్వరు కాబట్టి పిల్లలు 1998 అనో 2000 అనో నోటికొచ్చింది కొట్టేస్తారు. వాడికి 14 ఏళ్లే అయినా ఆ లెక్క ప్రకారం వాడు పెళ్లీడు కొచ్చినవాడు! అప్పుడు పిల్లల కోసం పెట్టిన రక్షణలు ఏవీ వాడికి వర్తించవు. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి టీన్ అకౌంట్లు వచ్చాయి. అందులో అకౌంట్ దానంతట అదే ప్రైవేట్‌గా ఉంటుంది, వాడు ఫాలో అయ్యేవాళ్లో అంతకుముందే కలిసినవాళ్లో తప్ప కొత్తవాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 లోపువాళ్లు వీటిని సడలించుకోవాలంటే నీ అనుమతి కావాలి. ఇదంతా పుట్టినతేదీ నిజం చెబితేనే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో పర్సనల్ డీటెయిల్స్, అక్కడ తేదీ సరిచేయించు. సూపర్‌విజన్ కూడా ఆన్ చేసుకుంటే గడిచిన 7 రోజుల్లో ఎవరెవరితో మాట్లాడాడో నీకు కనిపిస్తుంది, ఏం మాట్లాడాడో కనిపించదు. కనిపించకపోవడమే మంచిది. పూర్తిగా తవ్వుతామంటే రెండో ఐడీ తెరుస్తారు, దాని పేరు కూడా నీకు తెలియదు.

బుజ్జిదాని సంగతి వేరు. ట్యాబ్‌లో నీ జీమెయిల్ పెట్టి ఇచ్చావు కదా, గొడవంతా అక్కడే ఉంది. అది నీ ఖాతా కాబట్టి యూట్యూబ్ నిన్ను చూసినట్టే దాన్నీ చూస్తుంది. నీ ఖాతా తీసేసి, గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో దాని పేరు మీద, దాని అసలు వయసుతో కొత్త ఖాతా తెరువు. ఏ యాప్ వేయాలన్నా నీ ఫోన్‌కి అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది, రోజుకి ఎంతసేపో, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలో నువ్వే పెట్టొచ్చు, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో (చూసినవి హిస్టరీలో మిగలని మోడ్) ఉండదు. ప్రస్తుతానికి యూట్యూబ్ కిడ్స్ చాలు. పెద్దాడి ఫోన్‌కీ ఫ్యామిలీ లింక్ పెట్టొచ్చు కానీ 13 దాటినవాళ్ల పాత ఖాతాకి పెట్టాలంటే వాడు కూడా ఒప్పుకోవాలి. చాటుగా కుదరదు.

వాట్సాప్‌లో ఎక్కువ పని లేదు. ప్రైవసీలోకి వెళ్లి గ్రూపులు, ప్రొఫైల్ ఫోటో రెండూ "మై కాంటాక్ట్స్"కి మార్చు, తెలియని నంబర్ల కాల్స్ సైలెంట్‌లో పెట్టు, అకౌంట్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్‌కి 6 అంకెల పిన్ పెట్టు. స్నాప్‌చాట్ ఉంటే మ్యాప్‌లో ఘోస్ట్ మోడ్ (ఎక్కడున్నాడో దాచేది) ఆన్‌లో ఉందో లేదో చూడు, వాడు లొకేషన్‌ని ఫ్రెండ్స్ అందరికీ షేర్ చేసి ఉంటే ఏ ట్యూషన్‌లో కూర్చున్నాడో లిస్టులో ఉన్న ప్రతివాడికీ తెలుస్తుంది. లొకేషన్ అంటే గుర్తొచ్చింది, బుజ్జిది యూనిఫాంలో, ఐడీ కార్డు కనిపించేట్టు ఉన్న ఫోటో ఫేస్‌బుక్‌లో పబ్లిక్‌గా పెట్టింది ఎవరు నాయనా? పిల్లలకి చెప్పేముందు ఆ ఫోటో తీసెయ్.

ఇంట్లో వైఫైకి ఒక చిన్న పని చేస్తే లాభం ఉంటుంది. రౌటర్‌లో డీఎన్ఎస్ అని ఉన్నచోట 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 కొట్టు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, డబ్బులు కట్టక్కర్లేదు. బూతు సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు తెరుచుకోవు. అయితే మొబైల్ డేటా మీదకి మారినా, వీపీఎన్ (ఇలాంటి అడ్డంకుల్ని దాటించే యాప్) వేసినా ఇది పనిచేయదు. పొరపాటున తెరుచుకునేవాటిని ఆపుతుంది, కావాలని వెతికేవాణ్ణి ఆపలేదు.

ఇక డబ్బు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆటలో డబ్బు పెట్టి కొనే డైమండ్ల కోసం పిల్లలు అమ్మ యూపీఐ పిన్ పక్కనుంచి చూసి నేర్చుకుంటారు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేట్టు పెట్టి, సేవ్ అయి ఉన్న కార్డులు తీసెయ్. తెలియకుండా కొనేస్తే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రిఫండ్ అడుగు, ఆలస్యం చేయకు. "ఫ్రీ డైమండ్స్" లింకులన్నీ ఐడీ, ఓటీపీ కొట్టేయడానికే. ఆటలో వాయిస్ చాట్‌లో అవతల ఉన్నది పిల్లాడో పెద్దవాడో తెలియదు కాబట్టి, తెలిసినవాళ్ల స్క్వాడ్‌తో తప్ప మైక్ ఆన్ చేయొద్దని పెద్దాడికి చెప్పు.

అసలు విషయానికొస్తా. మగపిల్లాడికి ఏం భయం అనుకుంటున్నావు కదా, బట్టల్లేని ఫోటోలతో చేసే బెదిరింపుల్లో ఈ వయసు మగపిల్లలే బాగా ఇరుక్కుంటున్నారు. అదెలా జరుగుతుందో చెబుతా. వాడి ఈడు అమ్మాయి పేరుతో రిక్వెస్ట్ వస్తుంది. ఆ మోసగాళ్లు అంతకుముందే వాడి క్లాసువాళ్లలో నలుగురిని ఫాలో అయి ఉంటారు, మ్యూచువల్స్‌లో (ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవాళ్ల లిస్టులో) తెలిసిన పేర్లు కనిపించేసరికి వీడు నమ్ముతాడు. కాసేపు మాటలయ్యాక "టెలిగ్రామ్‌కి రా" అంటారు, ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్ రక్షణలు అక్కడికి రావు. అవతలి నుంచే ముందు ఒక ఫోటో వస్తుంది, తర్వాత వీణ్ణి అడుగుతారు, లేదా వీడియో కాల్ చేసి కొన్ని సెకన్లు రికార్డ్ చేస్తారు. ఆ వెంటనే వాడి ఫాలోవర్ల లిస్టు స్క్రీన్‌షాట్ పంపి, అందులో అత్తయ్య పేరు, క్లాస్‌మేట్ల పేర్లు చూపించి, గంటలో డబ్బు వేయమంటారు. వేస్తే ఆగరు, ఇస్తాడని తెలిసిపోయింది కాబట్టి ఇంకా అడుగుతారు.

వాళ్ల దగ్గరున్న పెట్టుబడి ఆ ఫోటో కాదురా, "నాన్నకి తెలిస్తే చంపేస్తాడు" అన్న వాడి భయం. అందుకే ఏమీ జరగకముందే, బండి మీద వెళ్తున్నప్పుడో అన్నం తింటున్నప్పుడో మామూలుగా చెప్పేసెయ్: "ఎవరైనా ఫోటో పెట్టుకుని బెదిరిస్తే, తప్పు నీదే అయినా సరే ముందు నా దగ్గరికి రా. ఆ రోజు తిట్టను, ఫోన్ లాక్కోను." చెప్పాక మాట మీద ఉండాలి. ఏదో చిన్న విషయం వాడే వచ్చి చెప్పినప్పుడు ఫోన్ గుంజుకున్నావో, పెద్ద విషయం నీ దాకా రాదు.

ఖర్మకాలి అలాంటిది జరిగితే డబ్బు వేయకు, బతిమాలుతూ జవాబులివ్వకు, కంగారులో చాట్ డిలీట్ చేయనివ్వకు. ముందు స్క్రీన్‌షాట్లు తీయాలి. పైన కనిపించే పేరు కాదు, యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ కావాలి. ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. డబ్బు వెళ్లిపోయి ఉంటే ఆ క్షణమే 1930కి ఫోన్ చెయ్, డబ్బు వేరే ఖాతాలకి మారకముందే చెబితే ఆపే అవకాశం ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు, పిల్లల అశ్లీల ఫోటోలు, వీడియోల మీద నీ పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాత్రీపగలూ ఉంటుంది.

"టేక్ ఇట్ డౌన్" అని ఒక ఉచిత సేవ ఉంది, 18 నిండకముందు తీసిన ఫోటోలకి. ఫోటో మన ఫోన్ దాటి బయటికి పోదు. ఫోన్‌లోనే దానికి ఒక కోడ్ తయారై, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ కోడ్‌తో సరిపోయే ఫోటో కనబడితే తీసేస్తాయి. వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ చాట్‌లలో ఇది పనిచేయదు.

పోలీసుల దగ్గరికి వెళ్తే పరువు పోతుందన్నావు. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం ప్రకారం పిల్లల పేరు, స్కూలు, ఫోటో మీడియాలో రాకూడదు. వాంగ్మూలం ఇంట్లోనో పిల్లలు కోరిన చోటో తీసుకోవాలి, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. ఇంకోటి, వేరే పిల్లల అలాంటి ఫోటో ఏదైనా పేరెంట్స్ గ్రూపులో తిరిగితే "ఎవరో గుర్తుపట్టండి" అంటూ నువ్వు ఫార్వర్డ్ చేసేవు, జాగ్రత్త. పంపినా, దాచుకున్నా అదీ నేరమే.

ఆదివారం ఈ పనులన్నీ పెద్దాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే చెయ్, నీకంటే వాడికే త్వరగా తెలుస్తాయి. రౌటర్ లాగిన్ దొరక్కపోతే దాని వెనకున్న స్టిక్కర్ ఫోటో నాకు పంపు. చెల్లెమ్మని మాత్రం యూపీఐ పిన్ ఈ రాత్రికే మార్చేసుకోమను, పెళ్లిరోజు తేదీ వద్దని నా మాటగా చెప్పు.

నీ
శేఖర్