సర్వర్ మారింది, మెయిల్స్ ఏం పోలేదు, కానీ కొన్నాళ్ళు ఓపిక పట్టాల

అందరికీ నమస్తే. తిరుపతి, చిత్తూరు వైపు మా దగ్గర మెయిల్ ఐడీలు పెట్టుకున్న కస్టమర్లకి ఇది. 2025 ఆగస్టు 23 శనివారం రాత్రి మన మెయిల్ సర్వర్‌ని కొత్త మెషీన్ మీదికి మార్చేసినాం. పాత మెయిల్స్ అన్నీ ఉన్నాయి, పాస్‌వర్డులు అవే, వెబ్‌మెయిల్ అడ్రసు అదే, ఎక్కువమందికి సెట్టింగులు ఏం మార్చాల్సిన పని లేదు, కొన్ని వారాలు మీరు పంపే మెయిల్స్ కొన్ని స్పామ్‌లో పడొచ్చని గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక్కడితో ఆపేసినా పర్వాలేదు. పాత ఔట్‌లుక్ వాడేవాళ్ళు, జెరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ నేరుగా మెయిల్‌కి కొట్టేవాళ్ళు, డొమైన్ (మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండే పేరు) వేరే చోట పెట్టుకున్నోళ్ళు, పండగ ఆఫర్లు వందలమందికి ఒకేసారి పంపేవాళ్ళు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో సర్వర్ నంబర్ కొట్టుకున్నోళ్ళు మాత్రం కిందిదాకా చదవండి.

"బాగానే నడస్తా ఉండింది కదా, ఎందుకు కదిలిస్తారు" అని చాలామంది అడిగినారు. నడస్తానే ఉండింది, కాదనడం లేదు. కానీ పాత మెషీన్లో ఉండేది సెంటాస్ 7 (సర్వర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్), దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయినాయి. ఆ తర్వాత బయట డబ్బు కట్టి సెక్యూరిటీ ప్యాచులు తెచ్చుకుంటా నెట్టుకొచ్చినాం, అట్ల ఎంతకాలమని. ఇప్పుడు దాని బదులు డెబియన్ 12. లోపల మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూసుకునే డవ్‌కాట్ సాఫ్ట్‌వేర్లు అవే, వెర్షన్లు కొత్తవి. 2025 ఆగస్టులోనే డెబియన్ 13 వచ్చింది కదా, దానికే పోవచ్చు కదా అని ఇంజనీరింగ్ చదివే మీ పిల్లోళ్ళు అడిగితే చెప్పండి, దాంట్లో డవ్‌కాట్ 2.4 వస్తాది, దానికి మన పాత కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైళ్ళు) పనికిరాదు, మొత్తం తిరగరాయాల. మెషీనూ కాన్ఫిగూ రెండూ ఒకే రాత్రి మారిస్తే తెల్లారి ఏది చెడిందో కూడా తెలీదు.

నిజం చెప్పాలంటే డేటా కాపీ కంటే తేదీ కుదుర్చుకునేదే పెద్ద పంచాయితీ అయింది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల వాళ్ళకి తోతాపురి సీజన్‌లో కంటైనర్ కాగితాలన్నీ మెయిల్లోనే తిరుగుతాయి కాబట్టి జూన్, జూలై ముట్టుకోకూడదు. ఆడిటర్లకి నెలలో 11న జీఎస్టీఆర్ 1, 20న 3బీ అని జీఎస్టీ రిటర్నులు ఉంటాయి, ఆ తేదీల దగ్గర సర్వర్ అన్న మాటే ఎత్తకూడదు. వచ్చే నెల బ్రహ్మోత్సవాలు, అప్పుడు లాడ్జీల వాళ్ళూ ట్రావెల్స్ వాళ్ళూ ఊపిరి తీసుకోరు. మిగిలింది ఆగస్టు 20 దాటినాక 27 చవితికి ముందు ఉండే ఆ కొద్ది రోజులే. శనివారం వద్దని లాడ్జీల వాళ్ళు గట్టిగానే అన్నారు, కానీ తిరుపతిలో ఖాళీ శనివారం ఎప్పుడొస్తాదో మీరే చెప్పండి.

మార్చేటప్పుడు ఏం జరిగిందంటే, వారం ముందు నుంచే మెయిల్స్ అన్నీ ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో కొత్త మెషీన్‌కి కాపీ అవుతా ఉన్నాయి, శనివారం రాత్రికి ఆ రోజు వచ్చినవి మాత్రమే మిగిలినాయి. డీఎన్‌ఎస్‌లో (ఏ పేరుకి ఏ సర్వరో చెప్పే నెట్ డైరెక్టరీ) టీటీఎల్, అంటే పాత అడ్రసుని అందరూ గుర్తుపెట్టుకునే టైము, ముందే 24 గంటల నుంచి 5 నిమిషాలకు తగ్గించినాం, లేదంటే సగం మంది మెయిల్స్ ఒకరోజంతా పాత అడ్రసుకే పోతా ఉంటాయి. తర్వాత పాతదాంట్లో మెయిల్ తీసుకోవడం ఆపి, చివరి కాపీ లాగి, కొత్తది ఆన్ చేసినాం. ఆ మధ్యలో మీకు మెయిల్ పంపినోళ్ళ సంగతేంటి అంటే, అవి పోవు. అవతలి సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ట్రై చేస్తాది, పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజుల దాకా వదలదు. ఓటీపీలు మాత్రం పాపం ఆలస్యంగా వచ్చినాయి, ఆలస్యమైన ఓటీపీ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, అందుకే ఆ రాత్రి ఏ పోర్టల్లోనూ లాగిన్ కావద్దని ముందే వాట్సాప్ పెట్టినాం. పాప్ (మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) వాడే పాత కస్టమర్లకి ఇన్‌బాక్స్ మొత్తం రెండోసారి దిగుతుందేమోనని మాకు దడగానే ఉండింది. ఏ మెయిల్ ఏదో గుర్తుపెట్టుకునే డవ్‌కాట్ యూఐడీ లిస్టు ఫైళ్ళు కూడా యథాతథంగా తెచ్చుకున్నాం కాబట్టి అట్ల జరగలేదు.

ఇంతవరకు మా చేతిలో పని. మా చేతిలో లేనిది ఇంకోటుంది, అసలు ఇది రాయడానికి కారణం అదే. మెషీన్‌తో పాటు మన ఐపీ అడ్రసు (నెట్‌లో సర్వర్‌కి ఉండే నంబర్) కూడా మారింది. పాత ఐపీని జీమెయిల్ వాళ్ళూ మైక్రోసాఫ్ట్ వాళ్ళూ ఏళ్ళ తరబడి చూసినారు, దాని నుంచి చెత్త రాదని వాళ్ళకి నమ్మకం. కొత్త ఐపీ ఎవరికీ తెలీదు. వీధిలోకి కొత్తగా దిగినోనికి కిరాణా కొట్లో ఖాతా పెట్టరు కదా, అంతే ఇది కూడా. మొదట హోస్టింగ్ కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఐపీ అయితే ఇంతకుముందు ఎవడు వాడినాడో ఏమో, బ్లాక్‌లిస్టులో ఉండింది, ఇది మాకొద్దని వెనక్కిచ్చి వేరేది తీసుకున్నాం. మెయిల్ బయటికి పోయే దారి పోర్ట్ 25 తెరిపించడానికి వాళ్ళకి ఒక టికెట్, ఆ ఐపీ మన సర్వర్ పేరుదే అని చూపే పీటీఆర్ రికార్డు పెట్టించడానికి ఇంకో టికెట్, ఆ పీటీఆర్ లేకపోతే 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ రూల్స్ ప్రకారం మన మెయిల్‌ని వాళ్ళు లోపలికి రానీకపోయినా అడిగే హక్కు లేదు. ఇవన్నీ అయినాయి. అయినా సరే, కొన్ని వారాలు మీ మెయిల్స్ కొన్ని అవతలివాళ్ళ స్పామ్ ఫోల్డర్లో పడొచ్చు. పడవని మేం గ్యారంటీ ఇవ్వలేం, ఇచ్చినోళ్ళని నమ్మొద్దు. ముఖ్యమైన కొటేషన్, ఇన్వాయిస్ పంపితే ఫోన్ చేసి "వచ్చిందా, స్పామ్‌లో చూడండి, ఉంటే నాట్ స్పామ్ నొక్కండి" అనండి. వాళ్ళు నొక్కే ఆ ఒక్క నొక్కు మేం పెట్టే పది టికెట్ల కంటే ఎక్కువ పని చేస్తాది.

అందుకే పండగ ఆఫర్లు, చవితి శుభాకాంక్షలు, దసరా డిస్కౌంట్లు, ఏవైనా సరే మన మెయిల్ ఐడీల నుంచి గంపగుత్తగా పంపొద్దు. ప్రతి మెయిల్‌బాక్స్‌కి గంటకి ఇన్ని అని లిమిట్ పెట్టినాం, దాటితే ఆగిపోతాయి, తిట్టుకోవద్దు. రోజుకి 5000 దాటి పంపేవాళ్ళకి గూగుల్ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే రికార్డులు) మూడూ ఉండాల అంటోంది, 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అదే మాట. మనం ఆ లెక్కకి రాం, అయినా స్పామ్ అని కొట్టేవాళ్ళు 0.3 శాతానికి చేరకూడదు అనేది వాళ్ళు చూసే గీత. అంటే వెయ్యి మెయిల్స్‌లో ముగ్గురు విసుక్కుని స్పామ్ నొక్కితే చాలు. ఒక షాపు ఆఫర్ వల్ల ఇంకొకరి ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్ ఆగిపోతే మేం ఎవరికి చెప్పుకోవాల. ఆఫర్లు పంపాలనుకునేవాళ్ళు దానికంటూ ఉండే బల్క్ మెయిల్ సర్వీసు వేరే తీసుకోండి, సెటప్ మేం చేసిస్తాం, డబ్బులొద్దు.

డొమైన్ వేరే చోట ఉన్నవాళ్ళు: మీ ఎస్‌పీఎఫ్ రికార్డులో (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే లైను) పాత ఐపీ నంబర్ ఉంటే అది మార్చాల. డీకిమ్ కీ (మెయిల్ మీద సంతకం లాంటిది) పాతదే తెచ్చుకున్నాం, దాన్ని ముట్టుకోవద్దు. మార్చాల్సిన లైను మీకు వాట్సాప్‌లో పంపినాం. కొంతమంది "డొమైన్ పాస్‌వర్డ్ అప్పుడెప్పుడో వెబ్‌సైట్ చేసిన పిల్లోని దగ్గర ఉంది, వాడు బెంగళూరు పోయినాడు" అంటున్నారు. అన్నా, ఆ పిల్లోన్ని ముందు పట్టుకోండి. మెయిల్ సంగతి తర్వాత, రెన్యువల్ రోజు వాడు ఫోన్ ఎత్తకపోతే మీ షాపు పేరే పోతాది.

విండోస్ 7లో పాత ఔట్‌లుక్ వాడేవాళ్ళకి కనెక్షన్ ఎర్రర్ వస్తా ఉంటాది. కొత్త సర్వర్ కనెక్షన్‌ని రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్‌లో 1.2, ఆపైవే తీసుకుంటాది, 1.0, 1.1 పనికిరావని 2021లోనే తేల్చేసినారు. విండోస్ 7కి ఒక అప్‌డేట్ వేసి రిజిస్ట్రీలో మారిస్తే 1.2 వస్తాది, రిసెప్షన్ సిస్టమ్‌కి మేం వచ్చి చేస్తాం, కానీ ఆ సిస్టమ్‌ని మార్చేయడమే మేలు. పాత జెరాక్స్ మెషీన్లకి అట్లాంటి అప్‌డేట్ చాలావాటికి లేదు, స్కాన్‌ని పెన్‌డ్రైవ్‌లోకో ఆఫీసు కంప్యూటర్ ఫోల్డర్‌లోకో పెట్టుకోండి. దానికోసం సర్వర్‌ని వెనక్కి దించమని ఒకరిద్దరు అడిగినారు, అది మాత్రం చేయం.

ఇంకొక మాట. రెండు మూడు మెయిల్ ఐడీలే ఉన్నవాళ్ళు గూగుల్ మెయిల్‌కో, పక్కన రేణిగుంటలో కూడా ఆఫీసు ఉండే జోహో మెయిల్‌కో పోతే మేం బాధపడం, డేటా మేమే అప్పజెప్తాం. మా దగ్గర లాభం ఎవరికంటే ఐడీలు ఎక్కువుండి, ఏళ్ళనాటి మెయిల్స్ దాచుకోవాల్సినోళ్ళకి, ఎందుకంటే మేం ఐడీకి ఇంత అని తీసుకోం. కొత్త మెషీన్ అద్దె ఎక్కువే, ఈ ఏడాది మీ బిల్లు పెంచం, ఏప్రిల్ రెన్యువల్లో కొంచెం పెరుగుతాది, ఎంతో జనవరిలో చెప్తాం.

పాత మెషీన్ సెప్టెంబర్ 30 దాకా ఆన్‌లో ఉంటాది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో సర్వర్ పేరు బదులు ఐపీ నంబర్ కొట్టుకున్నోళ్ళకి అప్పటిదాకా నడుస్తాది, ఆలోపు పేరు పెట్టుకోండి. ఆగస్టు 27 చవితి రోజు మా షాపు మూత, 28 నుంచి సిస్టమ్ ఎత్తుకొచ్చినా సరే, ఫోన్ చేసినా సరే.