కొత్త ప్లేయర్ కొనే ముందు పాటలు సర్దుకో, బిడ్డా

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు బాపు ఆశీస్సులు.

నీ పాత ఐపాడ్‌లో చార్జింగ్ నిలవడం లేదని, కొత్త ప్లేయర్ ఏది కొనమంటావని అడిగావు. లిథియం బ్యాటరీకి ఏళ్లు గడిచేకొద్దీ సత్తువ తగ్గడం సహజం. 2001లో వచ్చిన ఐపాడ్‌ను ఇక తయారు చేయబోమని యాపిల్ కంపెనీ 2022 మే నెలలో ప్రకటించింది కనుక వేరే రకానికి మారక తప్పదు. కానీ కొనడానికి తొందరేమీ లేదు. అది పూర్తిగా ఆగిపోకముందే అందులోని పాటలన్నీ కంప్యూటర్‌లోకి దించుకోవడమే ఇప్పుడు ముఖ్యం. ఇకమీదట పాటల మూలప్రతి కంప్యూటర్‌లో ఉండాలి, ప్లేయర్‌లో దాని నకలు మాత్రమే ఉండాలి.

ఐపాడ్‌ను కంప్యూటర్‌కు తగిలించినప్పుడు పాటలు నేరుగా కనిపించకపోతే కంగారుపడకు. అవి దాచి ఉంచిన ఫోల్డర్లలో, నాలుగేసి అక్షరాల అర్థంలేని పేర్లతో ఉంటాయి. పాట పేరు, సినిమా పేరు, పాడినవారి పేరు మాత్రం ఫైలు లోపల ట్యాగులనే వివరాల గడుల్లో అట్లాగే ఉంటాయి. ఎంపీత్రీట్యాగ్ వంటి సాఫ్ట్‌వేర్ ఆ ట్యాగులను చదివి వందల ఫైళ్లకు ఒకేసారి సరైన పేర్లు పెడుతుంది. పాట సంఖ్యను 1 అని కాక 01 అని రాయించు, లేకపోతే కొన్ని ప్లేయర్లలో ఒకటో పాట తర్వాత పదో పాట వస్తుంది.

మన సినిమా పాటలతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఒక్కో పాటను ఒక్కో గాయకుడో గాయనో పాడతారు కనుక, ప్లేయర్ పాడినవారి పేరును బట్టి విడదీసి, ఒకే సినిమాను ఐదారు ఆల్బములుగా చూపిస్తుంది. ట్యాగుల్లో ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే గడి ఒకటి వేరుగా ఉంటుంది. సినిమాలోని అన్ని పాటలకూ ఆ గడిలో సంగీత దర్శకుని పేరు ఒకే తీరుగా రాస్తే అవి ఒక్కచోట చేరుతాయి. ఒకే తీరుగా అని ఎందుకంటున్నానంటే, అక్షరం తేడా వచ్చినా, చుక్క ఎక్కువైనా యంత్రానికి అది వేరే మనిషి పేరే అవుతుంది. ఎక్కడెక్కడినుంచో దించిన ఫైళ్లలో సినిమా పేరు పక్కన వెబ్‌సైట్ల పేర్లు అతికించి ఉంటాయి, వాటిని కూడా తీసివేయి.

పాత 128 కేబీపీఎస్ (సెకను పాటకు ఎంత సమాచారం ఉందో చెప్పే కొలత) ఫైళ్లను 320కి మార్చే శ్రమ పెట్టుకోకు. ఎంపీత్రీగా కుదించేటప్పుడు ధ్వనిలో పోయిన భాగం తిరిగి రాదు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది. సీడీలు చేతిలో ఉన్న పాటలను మాత్రం ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి ఎక్కించు. ఫ్లాక్ కుదిస్తుంది కానీ ధ్వనిలో ఏదీ వదిలివేయదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి నానమ్మ కేసెట్లు. సినిమా పాట ఈరోజు పోయినా రేపు మరోచోట దొరుకుతుంది. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు నానమ్మ పాడిన పాటలు మన ఇంట్లో తప్ప ఈ లోకంలో మరెక్కడా లేవు. టేపు మీది అయస్కాంతపు పూత ఏటేటా రాలుతుంది కనుక, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నేను మొదలుపెట్టాను. అరవై నిమిషాల కేసెట్టు ఒక వైపు సీడీ నాణ్యతలో సుమారు 300 ఎంబీ అవుతుంది, ఆ మాత్రం చోటుకు వెనుకాడవద్దు. గరగర శబ్దం తగ్గించిన ప్రతి వేరుగా చేసుకోవచ్చు కానీ, అసలు ప్రతిని ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, ఎందుకంటే గరగరతో పాటు చప్పట్ల లయ కూడా మసకబారుతుంది. ప్రతి పాటకూ పాడినవారెవరు, ఏ ఊరు, ఏ సందర్భం అన్నవి ట్యాగులోనే రాయాలి. ఒగ్గు కథల రికార్డింగులు గంటల కొద్దీ సాగుతాయి కనుక వాటిని వేరే ఫోల్డరులో పెట్టు, సినిమా పాటల నడుమ కథలో ఒక ముక్క వచ్చి పడితే రెండింటికీ అన్యాయమే.

కొత్త ప్లేయర్‌కు మెమరీ కార్డు పెట్టే వీలుండాలి, ఫ్లాక్ పాడాలి, ఆపిన చోటునుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కొనే ముందు తెలుగు పేరున్న పాట ఒకటి అందులో వేసి చూడు, అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే వద్దను, ఒత్తులు విడిపోయినా వద్దను. ఐదు నిమిషాల పాట 320 కేబీపీఎస్‌లో సుమారు 12 ఎంబీ, కాబట్టి 128 జీబీ కార్డులో పదివేల పాటలు పడతాయి. అంతకన్నా పెద్ద కార్డు నీకిప్పుడు అవసరం లేదు.

దసరాకు వచ్చేటప్పుడు ఖాళీ హార్డ్ డిస్క్ ఒకటి తీసుకురా. మొత్తం సేకరణ ఒక ప్రతి నీ దగ్గర, ఒక ప్రతి ఇక్కడ బీరువాలో ఉండాలి. ఈలోగా మీ పెద్ద మేనత్తకు ఫోన్ చేసి, రెండో కేసెట్టులో నానమ్మకు వంత పాడిన ఆమె ఎవరో అడుగు. అత్తకు ఆ పాట వినిపించి మరీ అడుగు, ఫైలు నీకు ఈ రోజే పంపుతున్నాను.

ఇట్లు
మీ బాపు