నొప్పి స్కాన్‌లో కనిపించదు

సంపాదకుల వారికి నమస్కారం. "నడుము నొప్పే కదా" అన్న మాట విని విని బాధేసి ఇది రాస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది, మనుషుల్ని వైకల్యంలోకి నెట్టే కారణాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే, అయినా వైకల్య భృతికి దరఖాస్తు పెడితే చాలాసార్లు ఎమ్మారై రిపోర్టు దగ్గరే మాట ఆగిపోతుంది. డిస్క్ అరిగిందని స్కాన్‌లో ఉన్నా హాయిగా తిరిగేవాళ్లున్నారు, అందులో పెద్దగా ఏమీ లేకపోయినా పక్క మీంచి లేవలేనివాళ్లూ ఉన్నారు. చూడాల్సింది మనిషి ఎంతసేపు కూర్చోగలడు, ఎంతసేపు నిలబడగలడు, ఎంత బరువు ఎత్తగలడు అని.

దరఖాస్తు పెట్టేవాళ్లకి ఒక మాట. డాక్టరుతో "నొప్పిగా ఉంది" అని ఊరుకోకండి, పావుగంట కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతోందనో, వంగి చెప్పులు వేసుకోలేకపోతున్నాననో వివరంగా చెప్పి రికార్డులో రాయించుకోండి. చేయించుకున్న ఫిజియోథెరపీ, వేయించుకున్న ఇంజెక్షన్లు కాగితం మీద ఉండాలి, మందుల వల్ల వచ్చే మగత కూడా ఉండాలి. మధ్యలో వైద్యం ఆపితే, డబ్బుల్లేక ఆపినా సరే, తగ్గిపోయిందనుకుంటారు, ఇది చాలా అన్యాయం. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, గడువు దాటకుండా అప్పీలు చేయండి.

- ఒక పాఠకురాలు